ఆ కూత తెగింది

ఒక మాట ఉండాది నా కాడ. ఎన్నో యేండ్లుగా ఎవరికీ చెప్పలేదు. పెండ్లానికి చెప్పలేదు. నా స్నేహితునికి చెప్పలేదు. ఎవరికి చెప్పాల్నో ఆయప్పకైతే అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీతో చెప్పేది సులువుగా ఉండాది. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూచున్నప్పుడల్లా ఆ మాట వచ్చి నా పక్కన కూచుంటాది. ఒక్కోసారి పోగు తెగితే అతుక్కునేది కూడా మర్చిపోయి అట్లే చూస్తా ఉంటా.

మాది ధర్మవరం. పట్టుచీరలు నేసేవాళ్ళం. యాభైలు ముగిసే కాలంలో మాకు మగ్గం తర్వాత చెడుగుడే. నేను ఆడేవాణ్ణి కాదు, నాది చూసే పిచ్చి. మా గంగులప్ప కూతకు పోతాంటే ఆడ వాడు ఊపిరి బిగబడితే ఈడ నేనూ బిగబట్టేవాణ్ణి. వాడూ నేనూ ఒకే వీధి, ఒకే ఈడు. వాడు ఓడిన పొద్దు నాకు ముద్ద దిగేది కాదు.

కోపం కూడా అంతే ఉండేది. హిందూపురం వాళ్ళు తోసినా అంపైరు కండ్లకు కనపడదు, మావాడు చెయ్యి విదిలిస్తే చాలు ఈల ఊదేస్తారు. వాళ్ళు బూతులు తిట్టినా మందలించి వదిలేస్తారు, మావాడు గొణిగితే బయటికి పంపిస్తారు. పేపరోళ్ళ సంగతి చెప్పనే వద్దు. హిందూపురం గెలిస్తే పెద్దక్షరాలు. మేము గెలిస్తే అడుగున రెండు ముక్కలు, అందులోనూ గంగులప్ప పేరు తప్పు. ఆ పేపరు చించి కాఫీ అంగడి ముందర పారేసి, మేమేమన్నా మనుషులం కాదా అని దోవన పోయేవాళ్ళతో పోట్లాడేవాణ్ణి.

ఆ యేడు పోటీ హిందూపురంలో జరిగింది. గెలిచినోళ్ళకు షీల్డు. అది మా ఊరికి ఎప్పుడూ రాలేదు. అంపైరు పెనుకొండ డ్రిల్లు సారు, హుసేన్ సారు. రెండూర్లకూ నడుమ ఊరాయన గదా, అందుకని ఆయప్పనే పిలిచేవాళ్ళు. అప్పట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఆట ముగిసేదాకా అంపైరు ఏ జట్టోళ్ళ చేతి నీళ్ళూ ముట్టకూడదు. సారు దాన్ని గట్టిగా పట్టుకున్న మనిషి. ఇంటి నుంచే మరచెంబులో నీళ్ళు తెచ్చుకునేవాడు. మేమెక్కిన రైలే ఆయప్పా పెనుకొండలో ఎక్కినాడు. ఈడ జాగా ఉండాది రాండి సార్ అని కిటికీలోంచి పిలిస్తి. నవ్వి, చెయ్యి ఊపి, వేరే పెట్టెలోకి పోయినాడు.

హిందూపురంలో దిగినాక మావాళ్ళంతా టిఫిన్లకని స్టేషను కాడ నిలబడినారు. నేను ఒక్కణ్ణే సున్నం డబ్బా పట్టుకొని ముందుగా పోయినా. నడిమి గీతకు ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు, ఒక్కో ఊరి మనిషి కూచునేది వాడుక. గీత చెరిగితే మళ్ళీ సున్నం వెయ్యాల, అంతే పని. ధర్మవరం తరఫున అది నా పని. నా ముందర సారు పోతాండాడు. యాడా ఆగలేదు, ఎవరింటికీ తిరగలేదు. సీదా ఆట కాడికే పోయినాడు. దోవంతా ఆ వీపును చూస్తానే పోయినా.

ఆట నడుస్తాంటే జనంలో ఎవరి కాలో తగిలి, మూత తీసి పెట్టిన సారు మరచెంబు బోర్లాపడింది. నీళ్ళన్నీ మట్టిపాలు. మంచి ఎండ. ఆయప్ప పెదాలు ఎండిపోయి ఈల కూడా సరిగ్గా పలకడంల్యా. పాపం అనిపించి నా చెంబు ఇయ్యబోతి. ఆట అయిపోనీప్పా, అప్పుడు నీ కాడికే వచ్చి తాగుతా అన్నాడు.

చివరి కూత గంగులప్పది. ఇద్దర్ని తాకి వెనక్కి తిరిగినాడు. ఒకడు కాలు పట్టి లాగితే పడినాడు. పడినా కూత ఇడవకుండా గీత పక్కకు పాకతాండాడు. వాని నోరు నా మోకాలి కాడ ఉండాది. కూత సన్నబడింది. సన్నబడి సన్నబడి తెగింది. ఊపిరి లోపలికి లాక్కున్న శబ్దం నేను విన్నా. ఆ తర్వాతనే వాని చెయ్యి గీతను తాకింది. ఆ అరుపుల్లో విన్నది ఇద్దరమే, నేనూ, మామీదికి వంగి నిలబడిన సారూ. అవుటని సారు ఈల ఊదినాడు. షీల్డు హిందూపురానికి పోయింది.

గంగులప్ప మట్టిలో మొగం పెట్టి ఏడ్చినాడు. అది చూసి నాకు కోపంతో కండ్లు మూసుకుపోయినాయి. అప్పుడొచ్చినాడు సారు, చెప్పినట్లే నా కాడికి. వంగి దోసిలి పట్టినాడు. నీళ్ళు లేవంటి. చెంబు నిండా ఉండాయి. అవి ఆయప్పకూ కనపడతానే ఉండాయి. చేతులు దించుకొని పోయినాడు.

ఆయప్ప అట్ల పోతానే పేపరాయన వచ్చినాడు.

"ఏమప్పా, గీత కాడ ఉన్నది నువ్వే కదా. కూత తెగిందా?"

"తెగల్యా."

"మరి ఎందుకట్ల ఊదినాడు?"

"పొద్దున వాళ్ళ కెప్టెన్ ఇంట్లో కాఫీ తాగొచ్చినాడు. నా కండ్లతో చూసినా."

ఎట్ల వచ్చింది ఆ మాట నా నోట్లోకి? స్నేహితుని మీద ప్రేమతో అన్నానని చాన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నా. ప్రేమేనా? ఒక పేపరు మనిషి మా ఊరోణ్ణి నిలబెట్టి అడిగింది అదే మొదలు, వాడు నా మాట రాసుకుంటాంటే నాకు లోపల ఎంత కులుకుగా ఉండిందో అది కూడా చెప్పాల గదా. నీళ్ళు లేవన్న మాట దాటినాక ఈ మాట దాటేది నాకేమీ కష్టం కాలేదు.

ఈసారి మాకూ పెద్దక్షరాలు పడినాయి. చెప్పిందెవరో వెయ్యలేదు. ధర్మవరం వాళ్ళు చూసినారని రాసినారు. తిరుగు రైల్లో గంగులప్ప నాతో, నాకే దమ్ము చాలలేదబ్బా, ఆయప్ప తప్పేముందని అన్నాడు. పేపరు చూపించినాక వాడూ మారిపోయినాడు. కూత తెగలేదనే నమ్మినాడు. చచ్చేదాకా ఆ సారును తిట్టుకుంటానే ఉన్నాడు. ఓటమిని మింగుకున్న మనిషిని నేనే చెడగొట్టినా.

రెండూర్ల పెద్దమనుషులు కూచొని సారును పిలిపించినారు. ఆయప్ప ఒక్క మాటే అన్నాడు. రైలు దిగి సీదా ఆట కాడికే వచ్చినా, ధర్మవరం గీత మనిషి నా వెనకాలే వచ్చినాడు, ఆయన్ను అడగండి అన్నాడు. నీళ్ళు ఇయ్యని నన్నే సాక్షిగా నమ్మినాడు. ఆ కాఫీ మాట పుట్టించింది నేనే అని ఆయప్పకు తోచనే లేదు. అందరూ నా పక్కకు తిరిగినారు.

నేను గమనించలేదంటి.

ఆ పొద్దు నుంచి ఆయప్పను ఏ ఆటకూ పిలవలేదు. బడి పిల్లోళ్ళు కాఫీ సారు అని పిలిచేవాళ్ళంట. కొన్నాళ్ళకు డ్రిల్లు పని కూడా మానుకున్నాడని తెలిసింది. అది విన్న పొద్దు నేను మగ్గం ముట్టలేదు. అట్లని పెనుకొండకు పోయి చెప్పినానా? పోలేదు. పోవాలనుకున్నా, ఎన్నోసార్లు అనుకున్నా. అనుకునేదానికి ఏం ఖర్చు?

అరవైల చివర ఒకసారి హిందూపురం పోతాంటే పెనుకొండలో రైలు ఆగింది. ఎదురుగా ఇంకో బండి రావాలంట. గొంతెండిపోయి కిందికి దిగితే కొళాయిలో నీళ్ళు రాలేదు. బెంచీ మీద ఒక ముసలాయన, పక్కన మరచెంబు. గుర్తుపట్టి పక్కకు తిరగబోతి. అంతలోకే ఆయప్పా నన్ను గుర్తుపట్టినాడు. గీత కాడి మనిషివి గదప్పా అని, దప్పికా అని అడిగి, మూత తిప్పినాడు. దోసిలి పట్టినా. పోసినాడు. తాగినా. చాలునా అంటే తల ఊపినా. చేతులు పంచెకు తుడుచుకున్నా. రైలు కూత వేసింది, పరిగెత్తి ఎక్కినా.

ఆ తర్వాత ఆయప్ప పోయినాడు. గంగులప్పా పోయినాడు. నన్ను తిట్టేదానికి గానీ మన్నించేదానికి గానీ ఎవరూ మిగల్లేదు. మీరు మన్నించాలని నేను అడగడంల్యా, అది మీ చేతిలోది కూడా కాదు. ఊరికే వినండి. సారు ఎవరింట్లోనూ కాఫీ తాగలేదు. నా చెంబులో నీళ్ళు ఉండినాయి. గంగులప్ప కూత తెగింది. నేను విన్నా.