ఈరమ్మ కళ్లంలో ఉయ్యాల

పల్లెల్లో పిల్లలకు ఆటస్థలం కట్టిద్దామని బయలుదేరేవాళ్లు ఈమధ్య చాలామందే కనిపిస్తున్నారు. వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను కడపలో ఒక బడిలో ఆటల టీచర్ని. నాతో చదువుకున్న సునీత ఎమ్మిగనూరు అవతల ఒక మెట్ట ఊళ్లో ప్రభుత్వ బడిలో పనిచేస్తోంది. ఆ బడికి గదులే తప్ప ఆడుకోవడానికి జాగా లేదు. పిల్లలు ఊరి మధ్యగా పోయే తారు రోడ్డు మీదే ఆడుకుంటారు. రెండేళ్ల కిందట సరళ అనే రెండో తరగతి పిల్లను అక్కడే బండల లారీ గుద్దింది. పిల్ల దక్కలేదు. తల్లిదండ్రులు అప్పుడు ఊళ్లో లేరు, గుంటూరు వైపు కూలికి పోయి ఉన్నారు. పిల్లను చూసుకుంటున్నది నాయనమ్మ ఈరమ్మ. ఈ ఏడాది ఆ ఈరమ్మే సునీత దగ్గరికి వచ్చి, బడి పక్కనున్న తమ కళ్లాన్ని, అంటే పంట నూర్చుకునే నేలను, పిల్లల ఆటకు తీసుకోమందట. "వానల్లేవు, నూర్చేదానికి ఏముండాది టీచరమ్మా. పిల్లోల్లన్నా ఆడుకోనీ" అందట. సునీత ఫోన్లో ఈ మాట చెప్పగానే నేను వస్తానన్నాను. తెలిసినవాళ్లను అడిగి ఇద్దరం కొంత చందా పోగుచేశాం.

నవంబరులో ఒక శుక్రవారం తెల్లవారకముందే కడపలో కర్నూలు బస్సెక్కాను. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా ఐదు గంటల పైనే పడుతుంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు దగ్గరుంచుకుంటే చాలు. ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటేసరికి ఎండ ముఖం మీదికొచ్చింది. కర్నూలులో దిగి ఎమ్మిగనూరు బస్సు పట్టుకున్నాను. అది మరో రెండు గంటలు. కోడుమూరు దాటాక రోడ్డుకు రెండువైపులా పత్తి చేలు మోకాలెత్తు కూడా లేవు. ఆకులు ఎర్రబడి, కాయలు విచ్చకుండానే ఎండిపోయి ఉన్నాయి. వానలు సరిగ్గా లేవని సునీత చెప్పినప్పుడు ఇంతలా ఉంటుందనుకోలేదు.

ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని వెల్డింగ్ షాపుకు వెళ్లాను. రెండు ఉయ్యాలల స్టాండు, ఒక జారుడుబల్ల ముందే చేయించి పెట్టాం. చేసిన ఖాజా తన వ్యాన్‌లోనే వాటిని ఎక్కించుకుని నన్నూ కూర్చోబెట్టుకున్నాడు. ఊరికి బస్సులు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యలో షేర్ ఆటోలే.

"ఈసారి సుగ్గి లారీలు శానా ముందే దిగినాయి మేడం" అన్నాడు ఖాజా దారిలో. సొంతూళ్లో పని లేని నెలల్లో ఇక్కడి కుటుంబాలు గుంటూరు వైపు పత్తి ఏరడానికి, మిరప కోయడానికి పోతాయి. దాన్నే సుగ్గి అంటారు. తమ ఊరి వాళ్లు జనవరి దాకా కదలరని సునీత చెప్పి ఉండటంతో నేనా మాట పట్టించుకోలేదు.

మధ్యాహ్నానికి ఊరు చేరాం. కళ్లం నేల ఏళ్లతరబడి తొక్కి తొక్కి రాయిలా ఉంది. గడ్డపార వేస్తే పెచ్చులు లేస్తున్నాయి తప్ప గుంత పడటం లేదు. ఊళ్లో మగవాళ్లు నలుగురు వచ్చి చెయ్యి వేశారు. బడి వదలగానే పిల్లలంతా చుట్టూ మూగారు. సరళ చెల్లెలు నాగవేణి అయితే ఉయ్యాల గొలుసు పట్టుకుని వదల్లేదు. ఈరమ్మ తమ ఇంటి నీళ్లే బిందెతో మోసుకొచ్చి సిమెంటులో పోసింది. చీకటి పడేలోగా రెండింటికీ కాంక్రీటు పోయడం అయింది. మూడు రోజులు ఎవరూ తాకకూడదని ఖాజా పిల్లలకు గట్టిగా చెప్పాడు. వాళ్లు దూరంగా కూర్చుని స్టాండునే చూస్తూ ఉండిపోయారు.

"ఇంగ దావలో ఆడుకునే పని లేదు" అంది ఈరమ్మ నా పక్కన చతికిలబడి. "ఈసారి నా కోడలు నాగవేణిని నా కాడ ఇడిసిపెట్టి పోతాది. బడి మానే పని ఉండదు." ఆమె కళ్లం ఎందుకిచ్చిందో నాకప్పుడు అర్థమైంది.

చిన్న పనులు మిగిలాయని ఖాజా ఆ రాత్రి బడి వరండాలోనే పడుకున్నాడు. నేను సునీత గదిలో పడుకున్నాను. తెల్లవారుతుండగా లారీ హారన్‌తో మెలకువ వచ్చింది. బయటికొచ్చి చూస్తే ఊరంతా రోడ్డు మీద ఉంది. మూటలు, వంట సట్లు, బియ్యం సంచులు పైకి అందిస్తున్నారు. రెండు రోజుల తర్వాత వస్తానని ఇళ్లల్లో చెప్పి ఉంచిన కూలి మేస్త్రీ ముందే వచ్చేశాడట. సునీతకు ఆ సంగతే తెలియదు. వలస పోయేవాళ్ల పిల్లల కోసం పెట్టే హాస్టల్ జనవరిలో గానీ తెరవరు. అందుకని పిల్లల్నీ ఎక్కిస్తున్నారు.

ఈరమ్మ కోడలు హనుమక్క ఒక చేత్తో సంచి, మరో చేత్తో నాగవేణిని పట్టుకుని నిలబడి ఉంది. ఈరమ్మ పిల్ల రెండో చెయ్యి పట్టుకుంది.

"ఇడిసిపోవే. కళ్లంలోనే, నా కండ్ల ముందరే ఆడుకుంటాది."

హనుమక్క గొంతు పెంచలేదు. "అప్పుడు గూడా నీ కండ్ల ముందరే ఉండె కదత్తా" అంది.

ఈరమ్మ చెయ్యి వదిలేసింది. హనుమక్క నా వైపు తిరిగింది. "అక్కా, ఒక్క తూరి ఊగనీ దాన్ని. మల్లా ఎప్పుడొస్తామో."

ఖాజా తల అడ్డంగా ఊపాడు. "పచ్చి కాంక్రీటు మేడం. కదిలితే నిలబడదు." అంటూనే వెళ్లి స్టాండు ఒక కాలు రెండు చేతులా అదిమిపట్టాడు. రెండో కాలు నేను పట్టుకున్నాను. సునీత నాగవేణిని ఎత్తి కూర్చోబెట్టి మెల్లగా ఊపింది. పిల్ల నవ్వలేదు, గొలుసులు గట్టిగా పట్టుకుని నేలనే చూస్తోంది. ఊపు ఊపుకూ నా చేతిలో పైపు కదులుతూనే ఉంది. హారన్ మళ్లీ మోగింది. హనుమక్క వచ్చి పిల్లను దించుకుంది. మిగతా పిల్లలు లారీ పైనుంచి చూస్తున్నారు. వాళ్లలో ఒక్కరికీ వంతు రాలేదు.

లారీ వెళ్లాక చూస్తే గుంతల దగ్గర కాంక్రీటు నెర్రెలిచ్చి, స్టాండు ఒక పక్కకు ఒరిగింది. ఖాజా గడ్డపార తీసుకుని తవ్వడం మొదలుపెట్టాడు. నిన్న చెయ్యి వేసినవాళ్లలో ఒక్కరూ ఊళ్లో లేరు. మధ్యాహ్నం దాకా మేం ముగ్గురమే తవ్వి, మళ్లీ పోశాం. ఈరమ్మ మళ్లీ నీళ్లు మోసింది. పనంతా అయ్యాక నా దగ్గరికొచ్చి, "ఆ గొలుసులు పైకి కట్టేసి పోమ్మా" అంది.

ఎందుకని అడిగాను.

"గాలికి సప్పుడైతాది. ఎవురో ఆడుకుంటాండారని లేసి వస్తా నేను."

ఖాజా గొలుసులు పైనున్న అడ్డ పైపుకు చుట్టి తాడుతో బిగించి కట్టాడు.

ఖాజా షాపు పనుందని వ్యాన్‌లో ముందే వెళ్లిపోయాడు. సాయంత్రం బస్సులో నేనూ, మరో ఇద్దరు ముసలివాళ్లూ తప్ప ఎవరూ లేరు. ఆటస్థలం లేకపోవడమే ఆ ఊరి పిల్లల కష్టమనుకుని అంత దూరం వెళ్లాను. ఆ పిల్లల్ని ఊళ్లో నిలిపి ఉంచగలిగింది వాన, లేదంటే పని. ఆ రెండూ నేను తీసుకెళ్లగలిగేవి కావు. వెళ్లకుండా ఉండాల్సిందా అంటే, అదీ చెప్పలేకపోతున్నాను. సునీత బడిలో ఇప్పుడు ఆరుగురే మిగిలారట. వాళ్లు కూడా ఆ తాడు విప్పలేదట. ఈరమ్మ వద్దందట.

ఆ వైపు పల్లెల్లో ఇలాంటి పని తలపెట్టేవాళ్లు జూన్‌లో, బడులు తెరిచాక వెళ్లండి. లారీ ఎప్పుడొస్తుందో బడిలో కాదు, ఇళ్లల్లో అడిగి తెలుసుకోండి. కాంక్రీటు గట్టిపడే దాకానైనా పిల్లలు ఊళ్లో ఉండాలి.