ఖాళీ బండికి రెగ్యులర్ చాలు

మా ఆయన పికప్ ట్రక్ కొంటానన్న రోజు నేను నవ్వలేదు, తిట్టాను. అమెరికాలో మేముండే ట్రాయ్ ఊళ్లో మాకు తెలిసిన తెలుగువాళ్ల ఇళ్ల ముందు ఆఫీసుకో సెడాన్, పిల్లలుంటే ఒక వ్యాన్ ఉంటాయి. మాకు పిల్లలు లేరు కాబట్టి రెండూ సెడాన్లే. అందులో ఒకటి అమ్మేసి, గరాజ్‌లో కూడా పట్టని బండి తెస్తానంటాడీయన.

"ఏం మోస్తారండీ అందులో? ఇసకా, కంకరా?" అన్నాను.

"ట్రైలర్ కట్టుకొని పోదాం. మంచం, పొయ్యి అన్నీ ఉంటయి దాంట్ల. కిరాయికి తీసుకుందాం. పెద్ద వంతెన దాటి సుపీరియర్ సరస్సు దాక గుంజుకపోదాం. పొద్దున తలుపు తెరిస్తే ఎదురుంగ నీళ్లుండాలె."

వరంగల్ వదిలి ఎన్నేళ్లయినా ఆయన మాట మారలేదు. నాది తెనాలి. పెళ్లయిన కొత్తలో ఒకరి తెలుగును ఒకరం వెక్కిరించుకునేవాళ్లం. తర్వాత అలవాటైపోయింది. కానీ ఆయనకు ఒక కోరిక ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. బట్టలు కూడా నేను కొంటే వేసుకునే మనిషి. పోనీలే, ఒక్కటి అడిగాడు కదా అని ఒప్పుకున్నాను. అలా రెండు వేల పన్నెండు వసంతంలో టర్బో ఇంజన్ ఉన్న నీలం రంగు పికప్ మా ఇంటికి వచ్చింది.

గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ప్రసాదాల దగ్గర స్నేహితులందరూ ఆయన చుట్టూ చేరారు. హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన ఒకతను, "టర్బో అంటే డీజిలే కదన్నా?" అన్నాడు. మన దగ్గర ఆ మాట డీజిల్ బండ్ల వెనకే రాసి ఉంటుంది మరి. కాదు, పెట్రోలే అన్నాక అసలు గొడవ మొదలైంది. ఇక్కడ బంకులో మూడు బటన్లుంటాయి. ఎనభై ఏడు రెగ్యులర్, తొంభై మూడు ప్రీమియం, మధ్యలో ఎనభై తొమ్మిది. మా ఆయన రెగ్యులర్ కొడతాననగానే ఇంకో స్నేహితుడికి కడుపు రగిలిపోయింది.

"అంత పెట్టి కొని దానికి రెగ్యులర్ పోస్తావా? ఇంటికొచ్చిన కొత్త కోడలికి గంజి పోసినట్టుంది! టర్బో బ్రో, ప్రీమియమే కొట్టాలి."

మా ఆయనకు కోపం రాలేదు. ఆయన ఉద్యోగమే అది. ఇంజన్ లోపల పెట్రోల్ తన వంతు రాకముందే తనంతట తాను మండితే టకటకమని కొట్టుకుంటుందట. ఆ చప్పుడు రాకుండా ఇంజన్‌ను సరిచేసే టీమ్‌లో ఇంజనీరు ఆయన.

"ఆ నంబర్ బలం గాదన్నా, ఓపిక," అన్నాడు. "ఎంత ఒత్తిడి దాక అంటుకోకుండ ఆగుతదో గా లెక్క. టర్బో గాలిని కూరి కూరి నింపుతది కాబట్టి ఒత్తిడి ఎక్కువనే. కానీ ఖాళీ బండికి రెగ్యులర్ చాలు, కొట్టుకుంటే ఇంజనే విని సర్దుకుంటది. ఎండల, ఎత్తు ఎక్కేటప్పుడు, ట్రైలర్ గుంజేటప్పుడు తొంభై మూడు కావాలె. మాన్యువల్‌ల గూడ గదే ఉన్నది."

"అర్థమైంది," అన్నాను నేను. "ఓపిక ఎక్కువ కాబట్టి మీరు తొంభై మూడు."

"నువ్వేమో ఎనభై ఏడు," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పేరు నాకు అలాగే ఉండిపోయింది. నేను గిన్నె ఠప్పున పెట్టినప్పుడల్లా, "కొట్టుకుంటున్నది, కొట్టుకుంటున్నది," అనేవాడు.

ఆ బండిని అడగనివాళ్లు లేరు. ఇల్లు మారేవాళ్లు, మంచాలు కొనుక్కున్నవాళ్లు, బతుకమ్మకు పూలు తెచ్చేవాళ్లు, అందరికీ అదే కావాలి. తాళం ఇచ్చేవాడు కానీ గ్యాస్ (ఇక్కడ పెట్రోల్‌ని అలాగే అంటారు) మాత్రం ఎవరినీ కొట్టనిచ్చేవాడు కాదు. మర్యాద కోసం ప్రీమియం పోసి తెస్తారని ఆయన భయం. ఆదివారం పొద్దున్నే తానే బంకుకి వెళ్లేవాడు. ఒకసారి సోఫా, ఫ్రిజ్ వేసుకుని వస్తున్నప్పుడు, "ఇవాళ బరువుందిగా, ప్రీమియం కొట్టండి," అన్నాను.

"సోఫా బరువేంది? ట్రైలర్ కట్టిననాడు కొడత," అన్నాడు.

ట్రైలర్ తగిలించడానికి బండి వెనక ఇనుప గుండు ఒకటి ఉంటుంది. తుప్పు పట్టకుండా దానికి గ్రీజు రాసి, పాత టెన్నిస్ బంతిని కోసి టోపీలా తొడిగాడు. వెనక నుంచి చూస్తే ఆ పెద్ద బండికి పచ్చటి ముక్కులా ఉండేది. మొదటి వేసవిలో ఆయన ఆఫీసులో కొత్త ఇంజన్ పని, సెలవు దొరకలేదు. రెండో వేసవిలో నా ప్రాజెక్టు మీద పడింది. వచ్చే ఏడాది చూద్దాం అనుకోవడం మాకు చాలా తేలికైపోయింది. సరస్సు ఎక్కడికి పోతుంది, బండి ఎక్కడికి పోతుంది అనుకున్నాం.

మూడో ఏడాది చలికాలంలోనే ఆగస్టుకి సరస్సు ఒడ్డున చోటు బుక్ చేశాడు. మంచు కరిగే లోపలే, కొన్నాళ్లుగా వేధిస్తున్న ఆయన కడుపునొప్పికి పేరు తెలిసింది. క్లోమంలో కాన్సర్. నేను ఏడుస్తుంటే ఆయన నన్ను ఓదార్చాడు. కీమో రోజుల్లో కూడా బండి ఆయనే నడుపుతానని పేచీ పెట్టేవాడు. కాళ్లలో పట్టు తప్పాక తాళం నా చేతికొచ్చింది. ఆస్పత్రికి సెడాన్‌లో వెళ్దామంటే వినేవాడు కాదు. స్టూలు వేసి ఎక్కించేదాన్ని. ఆగస్టు వచ్చేసరికి కాస్త కోలుకుంటే చాలు, నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లిపోతానని ఖాళీ పార్కింగ్‌లో రివర్స్ తీయడం కూడా నేర్చుకున్నాను.

జూన్‌లో ఒక మధ్యాహ్నం, ఇంక కీమో ఆపేద్దామని డాక్టర్ చెప్పింది. ఇంటికి వస్తుంటే దారిలో గ్యాస్ లైటు వెలిగింది. బంకులోకి తిప్పాను. చెబితే నవ్వుతారు గానీ, అప్పటిదాకా నేను నా చేత్తో గ్యాస్ కొట్టి ఎరగను. పెళ్లయ్యాక ముందు జెర్సీ సిటీలో ఉన్నాం. ఆ రాష్ట్రంలో బంకు మనిషే కొడతాడు, మనల్ని ముట్టుకోనివ్వరు. ఇక్కడికొచ్చాక నా కారుకి కూడా ఆయనే కొట్టుకొచ్చేవాడు. కార్డు గీకాను. మూడు బటన్లూ నా మొహంలోకి చూస్తున్నాయి. ఆయన కూర్చున్న వైపు కిటికీ దగ్గరికి వెళ్లాను.

"ఏది నొక్కాలి?"

ఆయన తల తిప్పలేదు. "తొంభై మూడు కొట్టు."

"ఎందుకు? వెనకాల ఏం లేదుగా?"

"తెల్సు."

"మరి ట్రైలర్ కట్టిన రోజు కొడతానన్నారుగా?"

"ఒక్కసారన్న తాగనియ్యి దాన్ని," అన్నాడు.

డాక్టర్ అంతసేపు మెత్తగా చెప్పినా నాకెక్కనిది, అప్పుడెక్కింది. ఖాళీ బండికి ప్రీమియం పోస్తే నవ్వే మనిషి ఖాళీ బండికి ప్రీమియం పోయమంటున్నాడు. అంటే సరస్సును వదిలేశాడు. దానితో పాటు నన్ను కూడా. నాకు దుఃఖం కంటే ముందు ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఎనభై ఏడు నొక్కాను. గట్టిగా నొక్కాను, అది చాలదన్నట్టు ఇంకోసారి నొక్కాను.

ట్యాంకు నిండాక ఎక్కి కూర్చుంటే, "ఏది కొట్టినవ్?" అని అడిగాడు.

"రెగ్యులర్. ఆగస్టులో ట్రైలర్ కట్టాక కొడదాం మీ తొంభై మూడు. వంతెన దగ్గర బంకులుంటాయి."

ఆయన నావైపు తల తిప్పాడు. "నువ్వు నిజంగ ఎనభై ఏడేనే," అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గాక గేరు మీదున్న నా చేతి మీద చెయ్యి వేశాడు. ఎముకలే తగిలాయి. "సరే, గట్లనే కానీ," అన్నాడు.

జూలైలో పోయాడు. ఇంట్లోనే, పగటిపూట, నేను పక్కనుండగానే పోయాడు. బుక్ చేసిన చోటు నేను క్యాన్సిల్ చేయలేదు. ఆ ఆగస్టులో సరస్సు ఒడ్డున ఎవరూ లేని ఒక జాగా మా పేరు మీద ఖాళీగా ఉండి ఉంటుంది.

ఆకులు రాలే రోజుల్లో బండిని అమ్మకానికి పెట్టాను. చూడటానికి ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. ఇద్దరూ రిటైరైన అమెరికన్ టీచర్లు. వాళ్లకు సొంత ట్రైలర్ ఉంది, చలికాలం దక్షిణాన గడిపి వస్తారట. పెద్దాయన బండి వెనక్కి వెళ్లి, వంగి, టెన్నిస్ బంతి తీశాడు. ఇనుప గుండు మీద చిన్న గీత కూడా లేదు. గ్రీజు వేలికి అంటుకుంటే చూసుకుని, నావైపు తిరిగాడు.

"ఈ బండితో ఎప్పుడూ ఏమీ లాగలేదా?"

"లేదు," అన్నాను.

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

ఆయన మొహం వెలిగిపోయింది. భార్యను పిలిచి, విన్నావా, ఒక్కసారి కూడా లాగలేదట అన్నాడు. ఇలాంటి బండి కోసమే ఏడాదిగా వెతుకుతున్నామని ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. మంచివాళ్లు, వాళ్ల తప్పేముంది. పాత బండ్లు కొనేవాళ్లకు అంతకంటే శుభవార్త ఉండదు.

"ఏ గ్యాస్ కొట్టేవారు?" అని అడిగాడు పెద్దాయన.

"రెగ్యులర్," అన్నాను. "ఖాళీగా ఉంటే రెగ్యులర్ చాలు. ట్రైలర్ కట్టినప్పుడు మాత్రం తొంభై మూడు కొట్టండి. మర్చిపోకండి."

తప్పకుండా అన్నాడు. కాగితాల పని అయ్యాక బండెక్కబోతూ, చేతిలో ఇంకా ఉన్న బంతిని చూసుకుని వెనక్కి వచ్చాడు. "ఇక మాకు దీంతో పనుండదు," అని నవ్వుతూ నా చేతిలో పెట్టాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. తర్వాత లోపలికి వచ్చి, సింక్ దగ్గర చేతికంటిన గ్రీజు కడుక్కుంటూ గట్టిగా ఏడ్చాను.