ఆర్లిస్ మోకాలు

ఆర్లిస్ జాతీయగీతానికి మోకరిల్లాడట. ఒక మోకాలేనని కొందరు, రెండూనని కొందరు. ఆపైన లేచి, ఆటకు కూడా ఆగకుండా విసవిసా నడిచి వెళ్ళిపోయాడట. శనివారం మధ్యాహ్నం పుట్టిన ఈ కబురు ఆదివారం చర్చికి ఆర్లిస్ కంటే ముందే చేరింది.

అలబామాలోని ఆ ఊరికి కాలేజీ ఫుట్‌బాల్ మతం. అసలు మతం ఆదివారానికి ఒక పని. పోలీసుల చేతుల్లో నల్లవాళ్ళు చనిపోతున్నందుకు నిరసనగా ఆటగాళ్ళు గీతం పాడేటప్పుడు మోకరిల్లుతున్న రోజులవి. స్కోరు చూసేవాళ్ళ కంటే, ఎవరు నిలబడ్డారో ఎవరు వంగారో చూసేవాళ్ళే ఎక్కువయ్యారు.

ఆర్లిస్ రెండూ చూడడు. స్కూలు బస్సుల మెకానిక్. పదకొండేళ్ళుగా ప్రతి ఆటకీ వెళ్తున్నాడు, ఎవరు గెలిచారో గేటు దగ్గర అడిగి తెలుసుకుంటాడు. ముప్ఫై ఒకటో వరసలో పాత నేస్తం వెండెల్ పక్కన కూర్చుని, ఒకే పొట్లంలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తింటూ, మధ్యలో బ్యాండు వినడం... అతని అభిమానమంతా అదే.

సోమవారం విద్యార్థులు బస్సుల షెడ్డుకి వచ్చారు.

"తాతా, ఈ ఊరికంతటికీ గుండె ఉన్నవాడివి నువ్వొక్కడివే!" అంది ఒక పిల్ల.

"అది కాదమ్మా, నేనక్కడ..."

"నువ్వు చెప్పక్కర్లేదు తాతా, మాకు తెలుసు."

అతని బొమ్మతో చొక్కాలు అచ్చు వేయించారు. బొమ్మలో మొహం కంటే మోకాలే పెద్దది.

మంగళవారం అభిమానుల క్లబ్బు పెద్ద రాయిస్ వచ్చాడు.

"ఏమయ్యా, ఆ జెండా నీకేం ద్రోహం చేసింది?"

"నన్ను చెప్పనిస్తేగా..."

"ఇంకేం చెప్తావు, చేసి చూపించావుగా! నీ సంగతి వెండెల్‌ని అడిగా. 'నాకేం వినపడదు' అన్నాడు, మొహం మీదే. అదీ పౌరుషమంటే!"

పిల్లలు పొగిడినా పెద్దలు తిట్టినా ఆర్లిస్‌కు ఒకటే. వెండెల్ పక్కన చోటు పోతే మాత్రం ఇక శనివారం ఎందుకు? మూడు రోజులు ఫోన్ చేశాడు. వెండెల్ ఎత్తలేదు. ఇంటికి వెళ్దామంటే కాళ్ళు రాలేదు.

శనివారం వెండెల్ తన చోట్లోనే ఉన్నాడు. పక్క చోటు ఖాళీ. ఆర్లిస్ జంకుతూ వెళ్ళి నిలబడ్డాడు.

"వెండెల్, ఒక్క మాట వినరా."

"వినపడదు!" వరసంతా అదిరేలా అరిచాడు వెండెల్.

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఆర్లిస్ చొక్కా జేబులోంచి మడత పెట్టిన రుమాలు తీసి వెండెల్ చేతిలో పెట్టాడు. వెండెల్ విప్పి చూశాడు. లోపల ఉన్నదాన్ని తీసి ప్యాంటుకు తుడిచి, చెవిలో దోపుకున్నాడు. కళ్ళు చికిలించాడు.

"ఎక్కడ దొరికిందిరా ఇది? వారం నుంచీ చెవిటి మాలోకంలా తిరుగుతున్నా. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. సర్లే, కూర్చో. ఊళ్ళో ఏంటి విశేషాలు?"

"ఏం లేవు" అన్నాడు ఆర్లిస్, పొట్లం విప్పుతూ.

కిందటి శనివారం గీతం మొదలవగానే వెండెల్ భక్తిగా టోపీ తీశాడు. అది తగిలి అతని చెవి మిషన్ ఊడి, బల్ల సందులోంచి కిందికి జారింది. ఆర్లిస్ మోకాళ్ళ మీద కూర్చున్నదీ, ఆపైన మెట్ల కిందికి దిగి ఆట అయి వెండెల్ కూడా వెళ్ళిపోయేదాకా వేరుశనగ తొక్కల్లో దేవులాడిందీ దానికోసమే.