రెండు పుల్లల సందు

టింకరింగ్ మేస్త్రికి ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఎక్కడైనా తలుపుకీ దాని చట్రానికీ మధ్య సందు పైన ఒకలాగ, కింద ఒకలాగ కనిపిస్తే ఆయనకు అన్నం సహించదు. తక్కిన విషయాల్లో అంత సర్దుకుపోయే మనిషి ఇంకొకరు ఉండరు. టీలో చక్కెర మరిచిపోయినా తాగేస్తాడు, చొక్కా తిరగేసి తొడుక్కున్నా సాయంత్రం దాకా గమనించడు. సందు దగ్గర మాత్రం బ్రహ్మ దిగివచ్చినా రాజీ లేదు.

ఆయన పని పాత కార్లకు మళ్లీ ప్రాణం పోయడం. తుప్పు తిన్న రేకు కోసి కొత్త ముక్క అతుకుతాడు. సొట్ట వెనక ఇనుపదిమ్మ ఆనించి, ముందు నుంచి సుత్తితో బుజ్జగిస్తున్నట్టు కొడతాడు. కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి, ఎగుడుదిగుడు ఎక్కడుందో చెబుతాడు. చివరికి తలుపు బిగించి, జేబులోంచి రెండు ఐస్‌క్రీమ్ పుల్లలు తీస్తాడు. రెండూ కలిపి సందులో దూర్చి పై నుంచి కిందిదాకా లాగుతాడు. ఎక్కడా పట్టకూడదు, ఎక్కడా వదులు కాకూడదు. పట్టిందంటే, "వెంట్రుకవాసి తేడా ఉంది" అంటాడు. తలుపు మళ్లీ ఊడి కిందికి దిగుతుంది.

ఆ మాట వినీ వినీ సగం జుట్టు రాల్చుకున్నవాడు ఆయన బావమరిది. అదే షెడ్డులో రంగులు వేస్తాడు. బావ రేకు వదిలితే తప్ప ఇతని చేతికి పని రాదు.

"బావా, ఆ వెంట్రుకవాసి ఎవరికి కనబడుతుంది?"

"నాకు."

"నువ్వు కొనుక్కోవడం లేదుగా."

"అందుకే భయం. కొనుక్కున్నవాడు అడగడు, నేను అడుగుతాను."

ఇంట్లోనూ ఇదే తంతు. అక్క ముచ్చటపడి కొత్త బీరువా తెప్పించుకుంటే, వచ్చిన గంటలో దాని తలుపులు నేల మీద పడుకున్నాయి. రెండు రోజులు చీరలన్నీ మంచం మీద, మొగుడూ పెళ్లాలు చాప మీద. ఓసారి కడుపునొప్పని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఈయన చూపంతా మందుల అలమర మీదే ఉంది. "నొప్పి ఎక్కడ?" అని డాక్టరు అడిగితే, "పైన మర వదులైందండీ, బిగించాలి" అన్నాడు. కుటుంబమంతా ఫొటో దిగబోతే, భుజానికీ భుజానికీ మధ్య ఎడం సరిచేస్తూ అటూ ఇటూ తిరిగాడు. ఆ ఫొటోలో అందరూ ఉన్నారు, ఆయన మోచేయి ఉంది.

ఇలాంటి మనిషి షెడ్డుకు పైకప్పు లేని పాత కారొకటి వచ్చింది. దాని వెనకే ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు, వేరు వేరు ఆటోల్లో.

అది వాళ్ల నాన్న కారు. ఆయన చనిపోయిన ఏడాదే ఓ వానలో కారు తడిసి ముద్దయింది. టార్పాలిన్ కప్పాల్సింది నువ్వంటే నువ్వని మాటా మాటా పెరిగి, ఇద్దరికీ మాటలు పోయాయి. ఆ తరవాత పదకొండేళ్లు పట్టుదల కొద్దీ ఇద్దరూ కప్పలేదు. కారు జల్లెడైంది. ఇప్పుడు బాగుచేయించి అమ్మేద్దామని ఒప్పందం. ఆ ఒప్పందం కూడా మధ్యవర్తి ద్వారా జరిగిందే.

వాళ్ల అమ్మ ఒకరోజు పెద్దకొడుకు వెంట వచ్చి, అతను ఫోన్లో ఉండగా మేస్త్రితో మెల్లిగా అంది: "బేరం అయిపోయింది నాయనా. బండి వెళ్లిపోయేలోగా వీళ్లిద్దరూ ముందు కూర్చుని నన్నొకసారి తిప్పితే చాలు. వాళ్ల నాన్న ఉన్నప్పుడు అలాగే తిరిగేవాళ్లం. అడిగితే, వాడుంటే నేను రానంటాడు ఒకడు, రెండోవాడూ అదే పాట." మేస్త్రి పుల్లలు తుడుచుకుంటూ విన్నాడు. పక్కన రంగు కలుపుతున్న బావమరిదికి ఆవిడ గొంతు విని మనసు చివుక్కుమంది.

పైకప్పు లేని బండికి నడుము బలం తక్కువ. మనుషులు ఎక్కగానే మధ్యలో పిసరంత కుంగుతుంది, తలుపు సందు మారుతుంది. అందుకని ముందు సీట్లలో బరువు పెట్టి తలుపులు కుదర్చాలి. షెడ్డులో ఆ పనికి ఇసుక బస్తాలున్నాయి. మేస్త్రి ఆ రోజంతా వాటితోనే తంటాలు పడ్డాడు. సాయంత్రం బావమరిది, తుప్పు పట్టకుండా, బిగించిన మరల మీద తలో చుక్క రంగు అద్దాడు. ఇక తన వంతేనని సంబరపడ్డాడు.

"అప్పుడే కాదు. వెంట్రుకవాసి తేడా ఉంది. అన్నదమ్ములిద్దర్నీ రేపు పదింటికి రమ్మను."

"వాళ్లెందుకు? బస్తాలున్నాయిగా."

"బస్తా ఊపిరి పీల్చదు. మనిషి పీలుస్తాడు, సందు మారుతుంది."

"నేనూ అక్కా కూర్చుంటాం, ఊపిరి పీలుస్తాం."

"నడిపేవాళ్ల బరువు వేరు. నీకు తెలీదు ఊరుకో."

మర్నాడు ఇద్దరూ వచ్చారు. ఒకరు తూర్పుకీ ఒకరు పడమరకీ తిరిగి కూర్చున్నారు. మేస్త్రి పానా పట్టుకుని, "అలా ఒత్తిగిలితే బరువు అంచులకి పోతోందండీ. మధ్యకి జరగండి" అన్నాడు. జరిగారు. "ఇంకొంచెం." భుజాలు తగిలాయి. గంటసేపు కుక్కిన పేనుల్లా ఉన్నారు. చివర్లో మేస్త్రి తల అడ్డంగా ఊపి, మళ్లీ రేపు రమ్మన్నాడు.

మూడో రోజు పెద్దాయన తుమ్మాడు. చిన్నాయన మేస్త్రి వైపు చూస్తూ, "ఆయనకి దుమ్ము పడదండీ, చిన్నప్పట్నుంచీ అంతే. ఆ గుడ్డ అటు దులపకండి" అన్నాడు. అయిదో రోజు పెద్దాయన ముందద్దంతో, "ఆ రోజు టార్పాలిన్ సంగతి నేను చెప్పాను" అన్నాడు. "అమ్మకి చెప్పావు, నాక్కాదు" అంది రెండో సీటు. ఇంకేముంది, పదకొండేళ్ల సరుకంతా బయటపడింది. బండి ఊగిపోయింది. మేస్త్రి నిమ్మకు నీరెత్తినట్టు సందులో పుల్లలు పెట్టుకుని, "అరవండి, కానీ ఇద్దరూ సమానంగా అరవండి. ఒక్కరే అరిస్తే బండి ఒరుగుతోంది" అన్నాడు. చిన్నాయన నవ్వాపుకోలేకపోయాడు. పెద్దాయన ఒక నిమిషం బిగబట్టి, తనూ నవ్వేశాడు.

తొమ్మిదో రోజుకి వాళ్లు నాన్న తమకు బండి నేర్పి ఎలా తిట్టేవాడో ఒకరికొకరు నటించి చూపించుకుంటున్నారు. బావమరిది సహనం మాత్రం అడుగంటింది. బావ టీకి వెళ్లగానే పుల్లలు తీసుకుని, వాళ్లు కూర్చుని ఉండగానే తనే రెండు తలుపులూ చూశాడు. పుల్లలు ఎక్కడా పట్టలేదు, ఎక్కడా వదులు కాలేదు. అనుమానమొచ్చి వంగి మరలు చూశాడు. మొదటిరోజు తను అద్దిన రంగు చుక్కలు చెక్కు చెదరలేదు. ఎనిమిది రోజులుగా బావ పానా తిప్పింది గాల్లో.

బయటికెళ్లి టీకొట్టు దగ్గర నిలదీశాడు.

"సందు మొదటిరోజే సరిపోయింది కదూ?"

మేస్త్రి గ్లాసులోకి చూశాడు. "బస్తాలతోనే సరిపోయింది. మీ అక్కకి చెప్పకు."

"అక్కకెందుకు చెప్పకూడదు?"

"నేను అబద్ధమాడానంటే ఇకమీదట బీరువా ముట్టుకోనివ్వదు."

బావమరిదికి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఇన్నేళ్లూ ఈ మనిషిని చాదస్తుడని తిట్టినందుకు కొంచెం సిగ్గేసింది. టీ డబ్బులు తనే ఇచ్చాడు.

రంగు ఆరిన రోజు అన్నదమ్ములు ఒకే ఆటోలో దిగారు, అమ్మతో సహా. బేరం రద్దు చేసుకున్నామని పెద్దాయన చెప్పాడు. ఆవిడ వెనక సీట్లో కొంగు సర్దుకుని కూర్చుంది. ముందు మాత్రం ఎవరూ ఎక్కలేదు.

"నువ్వు నడుపు అన్నయ్యా."

"నాన్న నీకే ఎక్కువ నేర్పాడు, నువ్వు నడుపు."

"పెద్దవాడివి, నువ్వుండగా నేనా?"

"చెబితే వినవేం? నువ్వే నడుపు."

తాళం చెవి పావుగంటసేపు ఆ చేతికీ ఈ చేతికీ తిరిగింది. చివరికి వెనక నుంచి పెద్దావిడ అంది: "మీకు మాటల్లేనప్పుడే నా ప్రాణం హాయిగా ఉండేదిరా. ఎవరో ఒకరు ఎక్కండి, ఎండ మాడ్చేస్తోంది."

ఇద్దరూ ఒకేసారి తలుపులు తీశారు.