కొత్త డిస్కు వచ్చాక

ఆఫీసులో అందరూ ఆయన్ని ‘నిదానం మాస్టారు’ అనేవారు. ఎదురుగా కాదు, వెనక. లారీలను తూచే కాటాలకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ అది. భార్యకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక, ఇంటి నుంచే పని చేస్తానని బతిమాలి ఒప్పించుకుని, పదేళ్ల నాటి కంప్యూటర్ ఒకటి మోసుకొచ్చి ముందు గదిలో పెట్టుకున్నాడు.

ప్రోగ్రాంలో చిన్న మార్పు చేసినా మొత్తం మళ్లీ కంపైల్ చేయాల్సిందే, అంటే రాసిందంతా కంప్యూటర్ మొదటి నుంచీ తన భాషలోకి మార్చుకోవాలి. ఆరు వేల చిన్న చిన్న ఫైళ్లు. ఆ పాత డిస్కులో పళ్లెం గిర్రున తిరుగుతుంటే, దానిమీది సూది ఆ మూలకూ ఈ మూలకూ పరుగులు తీసి ఒక్కో ఫైలూ వెతికి తేవాలి. ప్రాసెసర్‌కు సత్తువ ఉన్నా, ఫైలు అందేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చునేది. అలా యాభై నిమిషాలు. అంతసేపూ గరగరమని ఒకటే చప్పుడు.

ఆ చప్పుడు వినపడితే ఆయన వస్తాడని లోపలి గదిలో ఆమెకు తెలుసు. వచ్చేవాడు. ఆమెను రెండో పక్కకు తిప్పి, వీపు తుడిచి, పొడి గుడ్డ పరిచి, జావ తాగించేవాడు. టైముంటే జడ వేసేవాడు.

“మీరు జడ వేస్తుంటే తాడు పేనుతున్నట్టుందండీ,” అనేది ఆమె, సగం నోటితో. ఆ మాటలు ఆయనకు తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేవి కావు.

“నువ్వు కదలకుండా ఉంటే తిన్నగానే వస్తుంది.”

“నేనెక్కడికి కదులుతానండీ,” అని నవ్వేది.

ఒకరోజు మేనేజర్ ఫోన్ చేశాడు. వయసులో ఆయనకన్నా చాలా చిన్నవాడు.

“గురువుగారూ, మీ దగ్గరే పనంతా ఆగిపోతోంది. డిస్కు మార్చేద్దాం. కొత్తదాంట్లో తిరిగేదేం ఉండదు, చప్పుడూ ఉండదు.”

ఆయన వద్దనలేదు. ఆ నిదానం పేరు ఆయన చెవినా పడింది మరి.

కొత్త డిస్కుతో కంపైలంతా పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. సంబరంగా వెళ్లి ఆమెకు చెప్పాడు.

“మంచిదే,” అంది. “మరి ఎప్పుడొస్తారు?” అని అడిగింది.

“ఎప్పుడు కావాలంటే అప్పుడే.”

నెల తిరక్కుండా పని మూడింతలైంది. కంపైల్ అయీ అవకముందే ఫోన్ మోగేది. “అయిందా గురువుగారూ?” ఈ ఒక్కటీ పూర్తి చేసి లేద్దామనుకునేవాడు. అది అయ్యేసరికి ఇంకొకటి వచ్చిపడేది. లోపలికి వెళ్లినా, నాలుగు గుక్కల జావ తాగించి పరుగున వచ్చేసేవాడు. గదిలోంచి పిలుపు రాకపోతే, పాపం నిద్రపోతున్నట్టుంది అనుకునేవాడు. ఆమె పిలవడమే మానేసిందని ఆయనకు తట్టలేదు.

మూడు నెలలకు ఆమె చెల్లెలు చూడ్డానికి వచ్చింది. దుప్పటి తీయగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నడుము కింద అరచేతి మేర పుండు, లోపల తెల్లగా ఎముక.

“బావా, ఇది ఎన్నాళ్ల నుంచి?”

ఆయన దగ్గరికొచ్చి వంగి చూశాడు.

“అక్కని తిప్పి ఎన్నాళ్లయింది బావా?”

“పొద్దున...” అన్నాడు. ఏ పొద్దునో ఆయనకే గుర్తు రాలేదు.

ఆసుపత్రిలో పదకొండు రోజులున్నారు. చీము రక్తంలో కలిసిందన్నారు డాక్టర్లు. ఏడో రోజు ఆమె కళ్లు తెరిచి ఏదో అంది.

“ఏమంటోంది బావా?” అని అడిగింది మరదలు.

“పనికి టైమవుతోంది, వెళ్లమంటోంది.”

మరదలు మొహం తిప్పుకుంది. ఆయన వెళ్లలేదు. మిగిలిన నాలుగు రోజులూ ఆమె మంచం పక్కన స్టూలు మీదే కూర్చున్నాడు. నర్సు వచ్చి ఆమెను తిప్పినప్పుడల్లా లేచి ఒక చెయ్యి వేసేవాడు.

ఆమె పోయిన రెండో వారం ఇంటి తాళం మరదలికిచ్చి ఆఫీసుకు వెళ్లాడు. మేనేజర్ లేచి కుర్చీ చూపించాడు.

“ఇంకొన్నాళ్లు ఆగి రావాల్సింది గురువుగారూ.”

“ఇంట్లో కూర్చుని ఏం చేయమంటారు,” అంటూ ఆయన అక్కడున్న కంప్యూటర్ ఆన్ చేశాడు.