సిస్టర్ పోతానన్న ఇల్లు

పెద్ద సిస్టర్ పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా సోడా మామ. చేతుల్లో ఫోన్లున్నా, ఆ రోజుల్లో ఆదోనిలో మా వీధికి ఏ కబురు రావాలన్నా ఆయన సోడాల మోపెడ్ మీదే రావాలి. అది చావు కబురైనా సరే, సోడా కొట్టినట్టే మొదట పెద్ద చప్పుడు, తర్వాత నురగ, అడుగున ఎక్కడో అసలు విషయం. "పాపా, ఎమ్మిగనూరులో కరెంటు పోయింది, ఐసుపెట్టె యాడా దొరకలేదంట, జనరేటరు కోసం తిరుగుతాండారు, నిన్ను బిరీన రమ్మంటాండారు" అన్నాడు. ఐసుపెట్టె ఎవరికి మామా అన్నాను. చేతిలో చాట అట్లాగే పట్టుకుని వాకిట్లో నిలబడిపోయాను. "ఇంకెవరికి పాపా, మీ సిస్టరమ్మకే" అని ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నేను బడి గడప తొక్కిన దాన్ని కాదు. నాన్న దూది మిల్లులో పనిచేసేవాడు. ఆయన బట్టల వెంట ఇంటికొచ్చిన ధూళికి చిన్నప్పుడే నాకు ఉబ్బసం పట్టుకుంది. అమ్మ ప్రార్థన పుస్తకం ముందు పెట్టుకుని ఇంట్లోనే అక్షరాలు నేర్పింది. మిగిలిన చదువంతా, మందుల కోసం ఎమ్మిగనూరు పోయినప్పుడల్లా పెద్ద సిస్టర్ పెట్టిన భిక్ష. ఆమె పడుచుదనంలోనే కన్యాస్త్రీగా స్పెయిన్ నుంచి వచ్చి, నేతగాళ్ళ వీధిలో రెండు గదుల దవాఖానా పెట్టుకుని, కాన్పులు చేస్తూ చేస్తూ అక్కడే ముసలిదైపోయింది. తెల్లగడ్డలు ఒలుస్తూ నాకు ఇంగ్లీషు, స్పానిష్ నేర్పింది. అందుకే నా స్పానిష్‌లో కూరగాయలు, జ్వరాలు, జపమాల తప్ప మరేమీ ఉండేవి కావు. పరలోక జపం గడగడా చెప్పగలను, ఉల్లిగడ్డలు బేరమాడగలను. ఆ రెంటికీ మధ్యనున్న మనుషుల బతుకంతా నాకు ఆ భాషలో తెలియదు. (అయినా ప్రభువుకు స్తోత్రం. చాలామందికి ఆ రెండు కొసలు కూడా దొరకవు.)

నేను పోయేసరికి పెట్టె దొరికింది, సిస్టర్‌ను అందులో పడుకోబెట్టారు. స్పెయిన్ నుంచి తమ్ముడు వచ్చేదాకా ఉంచాలని ఫాదర్ చెప్పాడు. ఆయనకు స్పానిష్ తప్ప మరో భాష రాదట, మాట అటూ ఇటూ చెప్పడానికే నన్ను పిలిపించారు. అంతలో వీధివాళ్ళు ఎవరినీ అడక్కుండానే చర్చి వెనక గుంత తవ్వేశారు. మా వైపు తవ్విన గుంతను ఖాళీగా వదలరు, వదిలితే అది ఇంకొకరిని అడుగుతుందంటారు. తమ్ముడు వచ్చేదాకా అది నోరు తెరుచుకునే ఉంది. దగ్గున్న ముసలివాళ్ళెవరూ ఆ చుట్టుపక్కలకు రాలేదు, ఇంట్లో దగ్గాలన్నా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గారు.

తమ్ముడు కారు దిగాడు. తమ్ముడంటే ఆయనా ముసలివాడే. సిస్టర్ ముక్కే ఆయన మొహం మీద పెట్టినట్టుంది. బస్సులో వస్తున్నంతసేపూ ఓదార్పు మాటలు కూడబలుక్కున్నాను. ఎదురుగా ఆ ముక్కు కనబడగానే అన్నీ ఎగిరిపోయి, దవాఖానాలో రోగులకు సిస్టర్ వేసే ప్రశ్న స్పానిష్‌లో నా నోటివెంట వచ్చింది: "నొప్పి ఎప్పటినుంచి?" నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. "కబురు అందినప్పటినుంచి" అన్నాడు.

అక్కను తీసుకుపోవడానికే వచ్చాడాయన. వాళ్ళ అమ్మ సమాధి పక్కన చోటు ఉంచారట. ఈ సంగతి నేను తెలుగులో చెప్పగానే పందిట్లో ఏడుపు ఆగి గొణుగుడు మొదలైంది. ఆయన ఆ గొణుగుడు విని, "పోయే ముందు మా అక్క ఏమంది? ఆమె ఎట్లా చెబితే అట్లాగే చేస్తాను" అన్నాడు. విన్నది ఫాదర్ ఒక్కడే. ఆయన కేరళ మనిషి, సిస్టర్‌తో ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడేవాడు. "ఐ వాంట్ టు గో హోమ్, అంతే అన్నది. ఒక్క మాట కూడా అటూ ఇటూ కాకూడదమ్మా, సరిగ్గా చెప్పు" అన్నాడు నాతో.

ఆ సరిగ్గా ఏదో తెలిస్తే కదా! స్పానిష్‌లో కాసా అంటే గోడలు, కప్పు. సిస్టర్ తన దవాఖానాను కాసా అనేది, తాను పుట్టిన ఇంటినీ కాసా అనేది. ఆ మాట అంటే తమ్ముడి కళ్ళకు తన ఇల్లే కనిపిస్తుంది. తియెర్రా అంటే పుట్టిన నేల. అది నోట్లోంచి వస్తే పెట్టె అప్పుడే కారెక్కుతుంది. ఓగర్ అంటే పొయ్యి, ఆ పొయ్యి చుట్టూ చేరిన మనుషులు. అది అంటే గుంత నిండుతుంది. నాకు గుంత నిండాలనే ఉంది, అందుకే ఆ మాట అనడానికి భయమేసింది. చచ్చిపోయినామె నోట్లో నా కోరిక పెట్టడం పాపం కాదా? పక్కకు తిరిగి ఫోన్‌ను అడిగాను. అది వృద్ధాశ్రమానికి వాడే మాట ఒకటి, ఫోన్ తెర మొదటి పేజీకి వాడే మాట ఒకటి అదనంగా చూపించింది. సిస్టర్‌ను ఆ మొదటి పేజీకి పంపించే దారి కూడా నా చేతిలోనే ఉందని చూసేసరికి ఏడుపులో నవ్వొచ్చింది. నవ్వుకు పొలమారి దగ్గు పట్టుకుంది. గుంత తవ్వినవాళ్ళు నావైపు జాలిగా చూశారు.

అప్పుడు లేచింది మగ్గం అవ్వ. దవాఖానా గోడకు ఆనుకునే ఆమె ఇల్లు. "ఏమ్మే పాపా, ఏం గుసగుసలు మీవి? ఆయప్ప చీర తెచ్చినాడా లేదా, అది అడుగు."

"ఏ చీరవ్వా?"

"ఏ చీర అంటాదే ఇది! ఆడమనిషి పోతే పుట్టింటోళ్ళు చీర పెట్టాల్నా, వద్దా? ఇమానం ఎక్కి ఉత్త చేతుల్తో వచ్చినాడా?"

"వాళ్ళల్లో ఆ పద్ధతి లేదవ్వా."

"వాళ్ళల్లో లేకుంటే మనలో లేదా? నా కూతురికి కాన్పు చేసింది, నా మనవరాలికి బొడ్డు కోసింది. సచ్చిపోయినాక ఆయమ్మ మనది కాకుండా పోతాదా? చీర పడకుండా ఎవరు లేపుతారో నేనూ సూస్తా. సెప్పు, నేను అన్నది అన్నట్టే సెప్పు ఆయప్పకు!"

"ఈమె నన్ను ఎందుకు తిడుతోంది?" అని తమ్ముడు అడిగాడు. ఎట్లా చెప్పాలో తోచక, నాకున్న వంటింటి మాటలనే ఒకదాని పక్కన ఒకటి పెట్టాను. "మా దగ్గర ఆడమనిషి పోతే, పుట్టిన ఇల్లు బట్ట తెస్తుంది. బతికిన ఇల్లు మట్టి ఇస్తుంది. బట్ట రాకుండా మట్టి ఇవ్వరు. మీరు పుట్టిన ఇల్లు. మీకోసమే చూస్తున్నారు."

ఆయన పెట్టె మీద చెయ్యి వేశాడు. అవ్వ నడుం మీద చేతులు తీయలేదు. చివరికి, "బట్టల అంగడి ఎక్కడుంది?" అన్నాడు.

ముగ్గురం పోయాం. అంగడిలో ఆయన ఏ చీరనూ విప్పించలేదు. తిన్నగా చెయ్యి చాపి, ఎర్ర అంచున్న చిలకపచ్చ చీర చూపించాడు. అవ్వ గుండె బాదుకుంది. "అయ్యో నాయనా, పెండ్లికూతురికా? ఆయమ్మ బతుకంతా తెల్లగుడ్డే కట్టింది గదప్పా!" నేను అది చెబితే, ఆయన అన్నాడు, "చిన్నప్పుడు అక్కకు ఈ రంగు గౌను ఒకటి ఉండేది. మఠానికి పోతూ దాన్ని నాకు ఇచ్చి పోయింది. నేను జెండా చేసుకుని ఆడుకుని, చింపేశాను." అవ్వ కాసేపు చీరను, కాసేపు ఆయనను చూసింది. "అట్లయితే ఇదే తీసుకో. పుట్టింటోళ్ళు తెచ్చిందే రంగు" అంది. అంతటితో ఊరుకుంటే అవ్వ ఎట్లా అవుతుంది, అంచులో పోగు లేచిందని అంగడివాణ్ణి దులిపేసి గానీ కదలలేదు.

బయట ఎండలోకి వచ్చాక ఆయన ఆగాడు. "ఆ చివరి మాట నువ్వు ఇంకా చెప్పలేదు" అన్నాడు. ఆ నడిబజారులోనే కళ్ళు మూసుకుని ప్రభువును తలుచుకున్నాను. "ఆమె ఇంగ్లీషులో ఒకే మాట అంది. మీ భాషలో దానికి చాలా మాటలున్నాయి. ఆమె మనసులో ఏది ఉందో నాకు తెలియదు, దేవుడికే తెలుసు. నన్ను ఒకటి చెప్పమంటే, ఓగర్ అంటాను" అన్నాను. ఆయన చీర పొట్లాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకున్నాడు. "అక్క ఇల్లు వదిలిన రోజు మా అమ్మ, పెళ్ళి చేసి పంపించినట్టే ఏడ్చింది" అని మాత్రం అని, కారు వైపు కాకుండా చర్చి వైపు నడిచాడు.

తెల్లటి సిస్టర్ మీద చిలకపచ్చ చీర పరిచారు. ఫాదర్ మొదట కళ్ళు పెద్దవి చేసి, తర్వాత కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తమ్ముడు పైట చెంగు కాళ్ళవైపు వేశాడని అవ్వ ఆయన్ని మళ్ళీ తిట్టింది, ఆయన మారుమాట్లాడకుండా తిప్పి వేశాడు. మొదటి పిడికెడు మన్ను ఆయనే వేశాడు. గుంత నిండాక వీధిలోని ముసలివాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చి ధైర్యంగా దగ్గారు.

ఇప్పుడు నా స్పానిష్ కొంచెం పెరిగింది. ఆ రోజు నేను అన్న మాటల్లో ఎన్ని తప్పులో ఇప్పుడు తెలుస్తోంది. ‘బతికిన ఇల్లు’ అనబోయి, ప్రాణమున్న ఇల్లు అన్నానని నా అనుమానం. (ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఇప్పటి నేనైతే అన్ని మాటలూ సరిచూసుకుంటూ కూర్చుని, అసలు నోరే తెరిచేదాన్ని కాదేమో.)

పోయిన వానాకాలంలో ఆ తమ్ముడు కూడా పోయాడని అక్కడి మఠం నుంచి ఫోన్ వచ్చింది. ఆయన పెళ్ళి చేసుకోలేదు, తోబుట్టువంటే సిస్టర్ ఒక్కతే. ఆయన మీద ఏ బట్ట కప్పారో, ఎవరు కప్పారో అడగాలనుకున్నాను. అడగకుండానే ఫోన్ పెట్టేశాను. సిస్టర్‌ను తలుచుకోవడానికి ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళు ఎమ్మిగనూరు నిండా ఉన్నారు, ఆమెకు కొదవ లేదు. చదివేవాళ్ళు ఏ దేవుడికి మొక్కేవాళ్ళయినా సరే, మీ ప్రార్థనలో ఒక్కసారి ఆ తమ్ముణ్ణి తలుచుకోండి. అక్కను తీసుకుపోదామని అంత దూరం వచ్చి, ఆమెకు చీర పెట్టి, ఒక్కడే తిరిగి పోయాడు.