ఆడవాళ్ళ గడిలో సున్నా

సోమవారం పొద్దుటినుంచీ ముసురు. కచేరీలో పొడుగు బల్ల దగ్గర ముగ్గురం కూర్చుని ఓటర్ల జాబితా ఎత్తి రాస్తున్నాం. కాగితం చెమ్మగిల్లి సిరా పాకుతోంది. ఒక వరస రాయడం, అద్దుడు కాగితం వేయడం, ఇంకో వరస రాయడం. పల్లెల జాబితా శనివారానికి రాజధాని నాగపూరు వెళ్ళాలని హుకుం. పదకొండు గంటలప్పుడు రైల్వే ఆస్పత్రి జవాను గుమ్మంలో నిలబడి, గొడుగు మూసుకుంటూ, దాయీ గారు పొద్దున పోయారని చెప్పాడు. చేతిలో ఉన్న వరస పూర్తిచేసి లేచాను. సగంలో వదిలేస్తే పేజీ అంతా మళ్ళీ రాయాలి.

వరసకు ఆమె నాకు అత్త. చుట్టరికం ఏమీ లేదు. మా అమ్మ ఆమెను వదినా అనేది, అందుకని నేను అత్తా అన్నాను. తార్‌బహార్ పేటలో మా ఇంటికీ ఆమె ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఇక్కడ రైలు లైను పడిన కొత్తలో, షెడ్డులో పనిచేసే మొగుడి వెంట విజయనగరం వైపు నుంచి వచ్చింది. ఆయన తొందరగానే పోయాడు. పిల్లలు లేరు. ఆస్పత్రిలో పురుళ్ళు పోసే దాయిగా చేరింది. ఈ ఊరి తెలుగువాళ్ళలో నా ఈడువాళ్ళు సగంమంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. నేనూ అంతే. ఇక్కడివాళ్ళకు ఇదంతా తెలుసు. తెలియని సంగతి ఒకటుంది. ఈ నాలుగు మాటలూ దానికోసం రాస్తున్నాను.

డ్యూటీ లేని రోజుల్లో పల్లెలకు పోయేది. పింఛను పుచ్చుకున్నాక ఇక రోజూ అదే పని. బెల్తరా దాకా, దాన్ని దాటి కూడా, ఎవరి బండి దొరికితే ఆ బండి ఎక్కేది, దొరక్కపోతే నడిచేది. ఒక రేకు డబ్బా, అందులో ఆముదం సీసా, సబ్బు ముక్క, కత్తెర, ఉతికి మడతపెట్టిన పాత గుడ్డలు. ఏ ఇంట అడుగుపెట్టినా ముందు నీళ్ళు కాగాయా అని అడిగేది. మనిషి ఎలా ఉందని ఆ తర్వాత. మాయ పడేదాకా ఆ ఇంట మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో హిందీ, పల్లెలో ఛత్తీస్‌గఢీ. మూడింట్లోనూ మాటకు ముందు అచ్ఛా అనడం మాత్రం ఒకటే.

నేను కచేరీలో గుమాస్తాగా చేరినందుకు నన్ను ఊరికే వదిలేది కాదు. ఏదైనా పని అడిగి, అది ఇంకా పైకి వెళ్ళలేదని నేను చెబితే, “మీ కచేరీలో కాగితం కనడానికి తొమ్మిది నెల్లు సాలదురా” అనేది.

ఇక మా పల్లెల నియోజకవర్గం సంగతి. పట్నానికి ఒక సీటు, చుట్టుపట్ల పల్లెలకు ఒక సీటు. కౌన్సిలు పెట్టిన కొత్తలో, ఇంత శిస్తు కట్టేవాడికే ఓటు అన్నారు. అంటే ఊరి భూమి మీద పెత్తనం ఉన్న మాల్‌గుజార్‌కీ, ఆయన తమ్ముళ్ళకీ, మరో ఇద్దరు పెద్ద రైతులకీ. మిగతా ఊరంతా ఆ రోజు పొలంలో ఉండేది. ఆడవాళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఎప్పుడో ఎత్తారు గానీ, సొంత పేరున ఆస్తి ఉన్న ఆడది పల్లెలో ఎక్కడుంది? యుద్ధానికి రెండేళ్ళ ముందు జరిగిన ఎన్నికల్లో, భర్తకు ఆస్తి ఉంటే భార్యకూ ఓటు ఇచ్చారు. ఆడవాళ్ళకు వేరే గది, అందులో ఆడమనిషే ఉండాలన్నారు. చదువుకున్న ఆడమనిషి కచేరీకి ఎక్కడా దొరకలేదు. నేనే అత్త పేరు చెప్పాను. ఆమెకు చదువు రాదు. కానీ ఆ పల్లెల్లో ఏ ముసుగు వెనక ఎవరున్నారో ఆమెకు తెలుసు.

అది అవసరం కూడా. ఈ వైపు ఆడది మొగుడి పేరు నోటితో చెప్పదు. మా వైపూ అంతే. జాబితాలో చూస్తే, చాలాచోట్ల మొగుడి పేరు రాసి, పక్కన ‘భార్య’ అని రాసి వదిలేశారు. వచ్చిన మనిషి ఎవరని అడిగితే చెప్పదు, ముసుగు తీయదు. తెరకు ఈవల నేను కూర్చుని మొగుడి పేరు చదివేవాణ్ణి. ఆవల అత్త ముసుగు కొంచెం ఎత్తి చూసి, అవును అనేది. ఒకామె సిగ్గుపడి ముసుగు పట్టుకుని వదల్లేదు. “కడుపు సూసినదాన్ని, మొగం సూపించడానికి సిగ్గేటే” అని అత్త ఛత్తీస్‌గఢీలో అంది. గదిలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ పొద్దు చాలాసేపు అలా సరదాగానే గడిచింది.

మధ్యాహ్నం దాటాక, పోలింగు పెట్టిన ఊరి మాల్‌గుజార్ తన ఇంటి ఆడవాళ్ళను రెండు బండ్లలో పంపించాడు. ఊరి పేరు రాయను. ఆ ఇంటివాళ్ళు ఇంకా ఉన్నారు. జాబితాలో ఆయన పేరు, పక్కన భార్య, వయసు నలభై అని ఉంది. వచ్చిన పిల్లకు ఇరవై ఉంటాయేమో. ముసుగులోంచి చేతులు కనబడ్డాయి. ఎదుటి అభ్యర్థి తరఫున కూర్చున్న ఏజెంటు ఆ చేతులు చూసి లేచాడు. ఈమె నలభై ఏళ్ళ మనిషా అన్నాడు. పోలింగు ఆఫీసరు తెర దగ్గరకు వచ్చి, జాబితాలో ఉన్న మనిషి ఈమేనా, ప్రమాణం మీద చెప్పమని అత్తను అడిగాడు.

నేను తెర అంచు దగ్గర వంగి మెల్లగా అన్నాను.

“ఒగ్గేయ్ అత్తా. భార్య అనే కదా ఉంది. ఈవిడా భార్యే.”

“ఇందులో రాసిన మడిసి సచ్చిపోనాదిరా. నా సేతుల్లోనే పోనాది.”

అదే మాట హిందీలో ఆఫీసరుకు చెప్పింది. ఆఫీసరు ఆ పిల్లను పొమ్మన్నాడు. ఆ పిల్ల అంతమంది ముందు నుంచీ వెనక్కి నడిచి బండి ఎక్కింది. మిగతా ఆడవాళ్ళూ ఓటు వేయకుండా ఆమె వెంటే వెళ్ళిపోయారు.

సాయంత్రం పెట్టెలు బండిలో వేసుకుని తిరిగి వస్తున్నాం. చాలా దూరం వచ్చాక అత్త అడిగింది.

“అబద్ధం ఆడనేదు కదరా నేను?”

లేదన్నాను.

“మరి ఆ గుంట పేరేటని నువ్వడిగావా?”

“లేదు.”

“ఆ ఆపీసరడిగాడా? నేనూ అడగనేదు. ఇది ఆవిడ కాదు అన్నాను, ఊరుకున్నాను. అయితే ఇదెవులు?”

నిజానికి నాకది అంత పెద్ద సంగతిగా తోచలేదు. పొద్దుటినుంచీ కూర్చుని నడుము పట్టేసింది, ఇంటికెళ్ళి పడుకుంటే చాలుననుకున్నాను.

ఆ తర్వాత ఆ ఇంటి నుంచి అత్తకు పిలుపు రాలేదు. ఊళ్ళో ఎవరి భార్య ఎవరో ఒక దాయి చెప్పేచోటికి మా ఆడవాళ్ళు పోరని మాల్‌గుజార్ అన్నాడట. ఆయన మాట ఆ ఊళ్ళో అందరి మాట. రెండేళ్ళకు ఆ పిల్లకు నొప్పులు వచ్చాయని, బిడ్డ అడ్డం తిరిగిందని ఎవరో చెబితే, అత్త పిలవకపోయినా వెళ్ళింది. వాకిట్లో కూర్చోబెట్టారు. లోపలికి రమ్మనలేదు. ఒక పూటంతా అలాగే కూర్చుంది. చివరికి ఆ పిల్లే లోపల్నుంచి కేకపెట్టి పిలిస్తే వెళ్ళింది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. నాకు ఇంతే చెప్పింది. రెండోసారి అడిగితే, నీళ్ళు కాగలేదు అంది.

యుద్ధం అయ్యాక మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. అదే ఊరు, అదే గది, తెరకు ఈవల నేను, ఆవల అత్త. మొగవాళ్ళు వచ్చి వేసి వెళ్ళారు. పొద్దు గుంకేదాకా ఒక్క ఆడమనిషి రాలేదు. పోలింగు పత్రంలో ఆడవాళ్ళ గడిలో సున్నా వేశాను. నాగపూరులో ఆ పత్రం ఇవాళ ఎవరైనా తీసి చూస్తే, ఆ ఊరి ఆడవాళ్ళకు ఓటు మీద ఆసక్తి లేదనుకుంటారు. అలా కాదని తెలిసినవాళ్ళం ఇద్దరం. నేను సున్నా వేయడం అత్త తెర పక్కనుంచి చూసింది. చదువు రాకపోయినా సున్నా ఆమెకు తెలుసు.

“అది నాదేరా” అంది.

ఇప్పుడు స్వరాజ్యం వచ్చాక, ఆస్తితో పని లేదు, ఈడు వచ్చిన ప్రతి మనిషికీ ఓటు అన్నారు. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయమని మనుషులను పంపారు. వాళ్ళు తెచ్చిన కాగితాల్లో మళ్ళీ అదే. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి. పరాయి మగవాడికి ఆడది తన పేరు చెప్పదు, మొగుడు చెప్పనివ్వడు. సొంత పేరు లేని వరసలు కొట్టివేయాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. గోడ ఇవతల నుంచి మాటల సందర్భంలో ఈ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందని ఇప్పుడు ఒక్కోసారి అనిపిస్తుంది.

మరునాడే బయలుదేరింది. అప్పటికే కాళ్ళు నీరు పట్టి ఉన్నాయి. ఒక్కో ఊరికి వెళ్ళి, తాను పురుడు పోసినవాళ్ళ చేత వాళ్ళ పేర్లు చెప్పించి, నోట్లో పెట్టుకుని వచ్చేది. సాయంత్రం నా దగ్గర కూర్చుని వరసగా చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. ఒక్కటి తప్పేది కాదు. ఆఖరున ఆ ఊరు మిగిలింది. మూడుసార్లు వెళ్ళింది. మొదటిసారి మాల్‌గుజార్ వాకిట్లోనే ఆపి, నా భార్య అని రాసుకోమను, చాలు అన్నాడు. రెండోసారి తలుపు తీయలేదు. మూడోసారి వానలో వెళ్ళింది. ఆనాడు ఓటు వేయకుండా వెనక్కి నడిచిన ఆ ఇంటామే పెరటి తలుపు దగ్గరకు వచ్చింది.

“సెప్పిందా?” అని అత్త మాటలోనే అడిగాను.

“నోరు రానేదురా దానికి. పెళ్ళయ్యాక ఆ పేరుతో ఎవులూ పిలవనేదట. అలవాటు తప్పిపోనాదట. సెప్తాదిలే.”

“జాబితా పై వారం శనివారం వెళ్ళిపోవాలి అత్తా. నీకు తెలుసు కదా ఆమె పేరు. పురుటి రోజున విని ఉంటావు. నువ్వు చెప్పు, నేను రాసేస్తాను.”

“తెలుసు.”

“మరింకేం?”

“ఒకపాలి దాని బదులు నేను సెప్పీసాను. సాలు.”

ఆ వానలో తడిసినందుకే జ్వరం పట్టింది. ఆ వారం శనివారం రాత్రి ఆస్పత్రికి చూడబోతే, ఆ ఇంటినుంచి ఎవరైనా వచ్చారా అని అడిగింది. లేదన్నాను. అచ్ఛా అని అటు తిరిగి పడుకుంది. సోమవారం పొద్దున పోయింది.

మంగళవారం మళ్ళీ కచేరీకి వెళ్ళాను. తార్‌బహార్ కాగితం తీసి, అందులో ఆమె పేరు మీద ఎర్ర సిరాతో గీత గీశాను. అది గుమాస్తా పని, ఎవరో ఒకరు గీయాలి. నేనే గీయడం మేలనిపించింది. మాల్‌గుజార్ ఇంటి వరసలు నాలుగూ పేర్లు లేకుండా ఉన్నాయి. వాటిని కూడా కొట్టేయాలి. శుక్రవారం దాకా చూద్దామని వదిలేశాను.

ఎవరైనా వస్తారేమోనని శుక్రవారం పనికి వెళ్ళలేదు. మధ్యాహ్నం అత్త ఇంటి ముందు గూడుబండి ఆగింది. నలుగురు ఆడవాళ్ళు దిగారు. ముందున్నామె దాయి ఇల్లు ఇదేనా అని అడిగింది. ఇదే, సోమవారం పోయిందని చెప్పాను. వాళ్ళకు కబురు అందలేదు. కొంతసేపు వానలోనే నిలబడ్డారు. నేను తాళం తీశాను. లోపలికి వచ్చి నేల మీద కూర్చున్నారు. ఎవరూ ఏడవలేదు. ముసలావిడ మాత్రం గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

ఇంటాయన రాయపూరు వెళ్ళారని, రేపు వస్తారని, చీకటి పడకముందే ఇంట్లో ఉండాలని ముందున్నామె చెప్పింది. ముప్పై దాటి ఉంటాయి. ఆనాడు తెర దగ్గర చేతులే చూశాను, నేను ఆమె మొహం చూడడం అదే మొదలు.

“రాసేది నువ్వేనా?”

“నేనేనమ్మా.”

కాగితం తెచ్చి, సిరాబుడ్డి మూత తీసి కూర్చున్నాను. ఆమె పెదవులు కదిలి ఆగిపోయాయి. పక్కనున్న ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె గదిలోకి, ఖాళీగా ఉన్న నులకమంచం వైపు తిరిగింది. అటు చూస్తూ, ఎవరో పిలిస్తే పలికినట్టు, తన పేరు చెప్పింది.

రాసుకున్నాను. తర్వాత ఆ ఇద్దరూ చెప్పారు. ముసలావిడ చెప్పనంది. బలవంతపెట్టలేదు.

మూడు గంటలకు బండి కట్టించుకుని వెళ్ళిపోయారు. ఆ మూడు పేర్లూ ఎక్కించిన జాబితా శనివారం మధ్యాహ్నం రైల్లో నాగపూరు వెళ్ళింది.